నాస్తిక అభ్యర్థి, ఆస్తిక దేశం: తరచుగా అడిగే ప్రశ్నలు

దేవుణ్ణి నమ్మనని దాచుకోకుండా చెప్పే నాయకుడు అత్యున్నత పదవికి పోటీపడిన ప్రతిసారీ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ తలెత్తుతుంటాయి. అడిగేవారి మాటల్లోనే వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చ మాత్రం ఇందులో లేదు. అది ఎన్నికల్లో తేలే విషయం కాదు.

## పోటీకి దిగక ముందు

భక్తి ఎక్కువగా ఉన్న దేశానికి నాస్తికుడు నాయకుడు కాగలడా? ఇప్పటిదాకా ఎవరైనా అయ్యారా?

అయ్యారు. కాథలిక్ విశ్వాసం జాతీయ జీవితంలో విడదీయరాని భాగమైన పోలండ్‌లో, నమ్మకం లేనివాడినని దాచుకోని అలెగ్జాండర్ క్వాష్నియెవ్‌స్కీ 1995లో అధ్యక్షుడయ్యారు. ఆయన ఓడించింది సామాన్యుణ్ణి కాదు, కమ్యూనిస్టు పాలనను కూలదోసిన ఉద్యమానికి నాయకుడూ పరమభక్తుడూ అయిన లేఖ్ వలేసాను. చిలీలో 2006లో గెలిచిన మిచెల్ బాచెలెట్ అజ్ఞేయవాది, అంటే దేవుడు ఉన్నాడో లేడో తెలియదనేవారు. పైగా సోషలిస్టు, భర్త నుంచి విడిపోయి పిల్లల్ని పెంచుకున్న తల్లి. విడాకుల చట్టమే 2004లో వచ్చిన దేశంలో ఇందులో ఏ ఒక్కటైనా ఓటమికి చాలునని చాలామంది అనుకుని ఉంటారు. గ్రీస్‌లో 2015లో నాస్తికుడైన అలెక్సిస్ సిప్రాస్ ప్రధాని అయ్యారు. క్రొయేషియాలో 2010లో అజ్ఞేయవాది ఈవో యోసిపోవిచ్, 2020లో దైవవిశ్వాసం లేని జోరాన్ మిలనోవిచ్ అధ్యక్షులయ్యారు. మిలనోవిచ్ 2025లో భారీ ఆధిక్యంతో రెండోసారి గెలిచారు.

అయితే వీరిలో ఎవరూ నాస్తికత్వాన్ని ఎజెండాగా పెట్టుకుని గెలవలేదు. ఉపాధి, పింఛన్లు, అప్పులు, అంతకుముందటి ప్రభుత్వంపై కోపం వీరిని గెలిపించాయి. నమ్మకం లేకపోవడం వీరికి అడ్డంకి కాలేకపోయింది, అంతే. అది వీరికి ఓట్లు తెచ్చిపెట్టిందని చెప్పుకోవడానికి ఆధారం లేదు.

చట్టమే అడ్డుపడే దేశాలు ఉన్నాయా?

ఉన్నాయి. అక్కడ ప్రజాభిప్రాయం దాకా వెళ్లే అవకాశమే లేదు. పాకిస్తాన్ రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడూ ప్రధానీ ముస్లింలే అయి ఉండాలి. ఇరాన్‌లో అధ్యక్షుడికి అధికార మతం మూలసూత్రాలపై విశ్వాసం ఉండాలి. ఇండోనేషియా ఎన్నికల చట్టం అధ్యక్ష అభ్యర్థికి పెట్టిన అర్హతల్లో ఏకైక దైవంపై భక్తి ఒకటి. ట్యునీషియా 2014 రాజ్యాంగం మరీ విచిత్రమైనది: ఒక అధికరణంలో మనస్సాక్షి స్వేచ్ఛకు హామీ ఇచ్చి, మరో అధికరణంలో అధ్యక్ష అభ్యర్థి మతం ఇస్లాం అయి ఉండాలన్నది.

లెబనాన్‌ది వేరే దారి. 1943 నాటి జాతీయ ఒప్పందం ప్రకారం అధ్యక్ష పదవి మారొనైట్ క్రైస్తవులకు, ప్రధాని పదవి సున్నీలకు, సభాపతి స్థానం షియాలకు దక్కుతాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మనిషి ఏం నమ్ముతాడన్నది కాదు, ఏ వర్గంలో నమోదయ్యాడన్నది. కాబట్టి మనసులో నమ్మకం లేని మారొనైటుకు దారి తెరిచే ఉంటుంది. వర్గాల లెక్కే వద్దనేవాడికి మాత్రం మూసుకుపోతుంది.

యూరప్‌లోనూ ఇలాంటి నిబంధనల జాడలు ఉన్నాయి. బ్రిటన్ రాజు ఇంగ్లండ్ చర్చి సంఘంలో సభ్యుడై ఉండాలన్న 1701 నాటి చట్టం నేటికీ అమల్లో ఉంది. ప్రధానికి మాత్రం అటువంటి షరతు లేదు. నార్వేలో 2012 దాకా మంత్రిమండలిలో సగానికి పైగా సభ్యులు అధికార చర్చికి చెందినవారై ఉండాలన్న నియమం ఉండేది.

రాజ్యాంగం అడ్డు చెప్పకపోతే ఇక ఇబ్బంది లేనట్టేనా?

లేనట్టు కాదు. రాజ్యాంగం ఇచ్చిన అర్హతకూ, ఓటరు ఇచ్చే అంగీకారానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో అమెరికాను చూస్తే తెలుస్తుంది. ఏ ప్రభుత్వ పదవికీ మతపరమైన పరీక్ష పెట్టరాదని 1787లో రాసిన రాజ్యాంగంలోని ఆరో అధికరణం స్పష్టంగా చెబుతుంది. అయినా దేవుడు ఉన్నాడని ప్రకటించనివారు పదవులకు అనర్హులన్న వాక్యాలు కొన్ని రాష్ట్రాల రాజ్యాంగాల్లో మిగిలిపోయాయి. టెక్సస్, టెనెసీ, అర్కాన్సాస్ రాజ్యాంగాల్లో ఇవాళ్టికీ ఉన్నాయి. మేరీల్యాండ్‌లో నోటరీ పదవి కోసం ఇలాంటి ప్రకటన అడిగినప్పుడు, అది చెల్లదని సుప్రీంకోర్టు 1961లో ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆ తీర్పుతో ఆ వాక్యాలు కాగితం మీద మాత్రమే మిగిలాయి.

ఓటర్ల మనసు అంత త్వరగా మారలేదు. తమ పార్టీ నిలబెట్టిన యోగ్యుడైన అభ్యర్థి నాస్తికుడైతే ఓటేస్తారా అని గాలప్ సంస్థ 1958లో అడిగితే వేస్తామన్నవారు 18 శాతం. 2020 నాటికి అది 60 శాతానికి చేరింది. ఎదుగుదల పెద్దదే, కానీ అదే సర్వేలో కాథలిక్, యూదు, నల్లజాతి, మహిళా అభ్యర్థులకు 90 శాతానికి పైగా ఆమోదం ఉంది. నాస్తికుడి కన్నా కింద ఉన్నది సోషలిస్టు ఒక్కరే. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుడు పీట్ స్టార్క్ తనకు దైవవిశ్వాసం లేదని 2007లో ప్రకటించి, అలా బహిరంగంగా చెప్పిన తొలి సభ్యుడయ్యారు. అప్పటికి ఆయన సభలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నారన్నది గమనించదగ్గ విషయం.

ప్రధాని కావడం తేలికా, అధ్యక్షుడు కావడం తేలికా?

సాధారణంగా ప్రధాని కావడమే తేలిక. పార్లమెంటరీ వ్యవస్థలో ఓటరు పార్టీకి ఓటేస్తాడు, నాయకుణ్ణి పార్టీ ఎంచుకుంటుంది. ఏళ్ల తరబడి తమతో పనిచేసిన సహచరుడి దైవచింతన ఎంపీలకు పెద్ద విషయం కాదు. గెలిపించగలడా లేదా అన్నదే విషయం. ఆస్ట్రేలియాలో జూలియా గిలార్డ్ 2010 జూన్‌లో పార్టీ నాయకత్వ మార్పు ద్వారా ప్రధాని అయ్యారు, స్పెయిన్‌లో పెద్రో సాంచెజ్ 2018లో అవిశ్వాస తీర్మానం ద్వారా వచ్చారు. ఇద్దరూ పదవిలోకి వచ్చిన తర్వాత ప్రధానులుగా సాధారణ ఎన్నికలకు వెళ్లి నిలదొక్కుకున్నారు.

ప్రత్యక్షంగా ఎన్నికయ్యే అధ్యక్షుడికి రెండు బరువులు ఎక్కువ. ఒకటి, చాలా దేశాల్లో సొంత పేరు మీద సగానికి పైగా ఓట్లు కావాలి. రెండోది, అధ్యక్షుడు జాతికి ప్రతీక అన్న భావన. పాలకుడిలో తమను తాము చూసుకోవాలనుకునే ఓటరుకు అవిశ్వాసం పరాయిగా తోస్తుంది. అయితే రెండు విడతల పోలింగ్ ఈ బరువును కొంత తగ్గిస్తుంది. ఆఖరి విడతలో ప్రశ్న ఈ నాస్తికుడు నచ్చాడా అన్నది కాదు, ఎదుటివాడికన్నా మేలేనా అన్నది. పోలండ్‌లో 1995 రెండో విడతలో క్వాష్నియెవ్‌స్కీకి 51.7 శాతం వచ్చాయి. వాటిలో వలేసాతో విసిగిన విశ్వాసుల ఓట్లు లేకపోతే ఆ అంకె సాధ్యమయ్యేది కాదు.

## ప్రచారంలో

అవినీతిపరుడైన భక్తుడికైనా ఓటేస్తారు గానీ నిజాయతీపరుడైన నాస్తికుడికి వేయరు, ఎందుకని?

ఆ మాటలో కొంత అతిశయోక్తి ఉన్నా దాని వెనుక నిజమైన అంశం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు విల్ గెర్వైస్, అజీమ్ షరీఫ్, ఆరా నొరెన్జాయన్ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నాస్తికుల పట్ల ఉండే వ్యతిరేకతకు మూలం అసహ్యం కాదు, అపనమ్మకం. తనను దేవుడు చూస్తున్నాడనుకునేవాడు చీకట్లో కూడా తప్పు చేయడానికి జంకుతాడని, ఆ జంకు లేనివాణ్ణి ఆపేదేముందని విశ్వాసి అనుకుంటాడు. ప్యూ పరిశోధన సంస్థ 2020లో వెల్లడించిన 34 దేశాల సర్వేలో, నీతిగా ఉండాలంటే దేవుణ్ణి నమ్మాల్సిందేనన్నవారి మధ్యస్థ శాతం 45. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో అది 96, స్వీడన్‌లో 9.

ఇదే పరిశోధకుల్లో ఇద్దరు 2012లో మరో సంగతి తేల్చారు: పోలీసు వ్యవస్థ సమర్థంగా పనిచేస్తోందని గుర్తుచేస్తే నాస్తికుల పట్ల విశ్వాసుల అపనమ్మకం తగ్గుతుంది. రాజకీయంగా నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచేది ఇదే. పైవాడి నిఘా స్థానంలో కోర్టులు, ఆడిట్, పత్రికలు ఉన్నాయని ప్రజలు నమ్మే చోట నాయకుడి భక్తి అవసరం తగ్గుతుంది. ఏ వ్యవస్థా పనిచేయదనుకునే చోట పాపభీతి ఒక్కటే పాలకుడికి పగ్గమని తోస్తుంది. కాబట్టి నాస్తిక అభ్యర్థి ఇవ్వవలసిన జవాబు దేవుడి గురించి కాదు. తన ఆస్తుల లెక్క, తనపై వచ్చే ఆరోపణలను విచారించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్న హామీ, అంతవరకు నడిపించుకున్న జీవితం, ఇవే ఆ జవాబు. మతం లేకుండానూ నీతి ఉంటుందని తత్త్వశాస్త్రం బోధించే అభ్యర్థి వాదనలో గెలిచి ఓట్లలో ఓడతాడు.

వేరే మతంవాణ్ణి ఒప్పుకునే ఓటరు ఏ మతమూ లేనివాణ్ణి ఎందుకు ఒప్పుకోడు?

అన్యమతస్థుడు తనలాగే పైవాడికి జవాబుదారీ అని ఓటరు భావిస్తాడు కాబట్టి. సెనెగల్ జనాభాలో తొంభై శాతానికి పైగా ముస్లింలు. అయినా 1960 నుంచి 1980 వరకు ఆ దేశాధ్యక్షుడు కాథలిక్ అయిన లియోపోల్ సెంఘోర్. ఇస్లామిక్ సూఫీ శాఖల గురువులే ఆయనకు గట్టి మద్దతుదారులు. అదే స్థానంలో నమ్మకమే లేని మనిషి ఉంటే ఆ గురువులు అనుచరులకు ఏమని నచ్చజెప్పేవారో ఊహించడం కష్టం.

చర్చావేదికపై "మీరు దేవుణ్ణి నమ్ముతారా?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఒక్క వాక్యంలో నిజం చెప్పి, వెంటనే విశ్వాసుల పట్ల తన బాధ్యత చెప్పాలి. తడబాటు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. బ్రెజిల్‌లో 1985లో సావో పాలో మేయర్ ఎన్నికలప్పుడు టీవీ చర్చలో ఫెర్నాండో హెన్రిక్ కార్దోసోను ఈ ప్రశ్నే అడిగారు. ఈ సంగతి అడగబోమని ముందే చెప్పారు కదా అన్న ధోరణిలో ఆయన మాట దాటవేశారు. ప్రత్యర్థులు దాన్ని పట్టుకుని వదల్లేదు, ఆయన స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఓటమికి అదొక్కటే కారణమని రుజువు చేయలేం గానీ, ఆ దేశ రాజకీయాల్లో నేటికీ చెప్పుకునే పాఠం అది. కార్దోసో 1994లో ఏకంగా అధ్యక్షుడిగా గెలిచారు. కాబట్టి ఒక తడబాటుతో అంతా ముగిసిపోదు కూడా.

గిలార్డ్‌ది దీనికి పూర్తిగా భిన్నమైన తీరు. ప్రధాని అయిన కొద్ది రోజులకే రేడియోలో ఇదే ప్రశ్న ఎదురైతే, తాను నమ్మనని, లేని భక్తిని నటించబోనని, నమ్మేవారిని గౌరవిస్తానని చెప్పేశారు. ఆ ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాకపోయినా స్వతంత్రుల మద్దతుతో ఆమె పదవిలో కొనసాగారు. ఆస్ట్రేలియా అంత భక్తిపరమైన దేశం కాదన్నది నిజమే, కానీ జవాబు చెప్పిన పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది.

పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1846లో అమెరికన్ కాంగ్రెస్‌కు పోటీ చేసిన అబ్రహం లింకన్ ప్రత్యర్థి మెథడిస్టు ప్రబోధకుడు. లింకన్ క్రైస్తవాన్ని అపహసిస్తాడన్న ప్రచారం సాగింది. తాను ఏ చర్చిలోనూ సభ్యుణ్ణి కానన్నది నిజమేనని, లేఖనాల సత్యాన్ని మాత్రం ఎన్నడూ కాదనలేదని ఆయన కరపత్రం వేశారు. మతాన్ని బాహాటంగా ఎగతాళి చేసేవాడికి తాను కూడా ఓటేయలేనని అందులోనే రాశారు. ఆ ఎన్నికలో ఆయనే గెలిచారు.

నాస్తికుణ్ణి అనకుండా అజ్ఞేయవాదిని అంటే ఓట్లు పెరుగుతాయా?

కొంత మేలు జరుగుతుంది. తెలియదన్నవాడు తన నమ్మకాన్ని తప్పు పట్టడం లేదని విశ్వాసికి అనిపిస్తుంది. బాచెలెట్, యోసిపోవిచ్ లాంటివారు ఆ మాటనే వాడారు. కానీ నిజంగా సందేహంలో ఉన్నవారికే అది నప్పుతుంది. నిన్నటిదాకా నాస్తికుణ్ణని వ్యాసాలు రాసిన మనిషి నామినేషన్ వేసేరోజు అజ్ఞేయవాది అయితే, పాత వ్యాసాలు వెతికి తీసేవారు తప్పకుండా ఉంటారు.

ఎన్నికల వేళ ప్రార్థనాస్థలాలకు వెళ్తే అది నటన కాదా?

ఏ హోదాలో వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2014లో, ఇంకా ప్రతిపక్ష నాయకుడిగా ఉండగా, సిప్రాస్ ఆర్థడాక్స్ సన్యాసుల క్షేత్రమైన ఆథోస్ పర్వతానికి వెళ్లారు, పోప్ ఫ్రాన్సిస్‌నూ కలిశారు. భక్తుడిగా వేషం కట్టలేదు. దేశంలో బలమైన వ్యవస్థతో మాట్లాడటానికి వచ్చిన నాయకుడిగా వెళ్లారు. అతిథిగా వెళ్లి మర్యాద పాటించడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కెమెరాల ముందు కళ్లు మూసుకుని చేతులు జోడించడం మాత్రం విశ్వాసులకూ అవిశ్వాసులకూ ఒకేసారి అనుమానం కలిగిస్తుంది.

మతం మీద పాతకాలం నాటి వెటకారాలు బయటపడితే?

అవిశ్వాసం కన్నా వెటకారమే ఎక్కువ ప్రమాదకరం. 1997లో పోలండ్ అధ్యక్షుడి సహచరుడొకరు హెలికాప్టర్ దిగి, పోప్ చేసినట్టు నేలను ముద్దాడుతూ అనుకరించారు. పక్కనే ఉన్న క్వాష్నియెవ్‌స్కీయే అందుకు ప్రోత్సహించినట్టు వీడియోలో కనిపించింది. అప్పటి పోప్ రెండో జాన్ పాల్ స్వయంగా పోలండ్ బిడ్డ కావడంతో 2000 ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆ వీడియోను ప్రకటనగా వాడుకున్నారు. ఐదేళ్లు పదవిలో ఉన్న అధ్యక్షుడి అవిశ్వాసం గురించి అప్పటికి ఎవరికీ కొత్తగా చెప్పాల్సింది లేదు, ఈ దృశ్యం మాత్రం చాలామందిని నొప్పించింది. ఆయన విచారం వ్యక్తం చేశారు. మొదటి విడతలోనే 53.9 శాతంతో గెలిచారు. అప్పటికే ఐదేళ్ల పాలన చూపించుకోగలిగారు కాబట్టి గట్టెక్కారనుకోవాలి. తొలిసారి పోటీపడే అభ్యర్థికి అంత వెసులుబాటు ఉండదు.

## ప్రమాణ స్వీకారం

దేవుడి పేరు ఎత్తకుండా చేసిన ప్రమాణం చెల్లుతుందా?

చాలా దేశాల్లో చెల్లుతుంది. ఆ హక్కు ఉత్తినే రాలేదు. 1880లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లాను దైవప్రమాణం విషయమై సభలో కూర్చోనివ్వలేదు, ఒక దశలో నిర్బంధించారు కూడా. సీటు ఖాళీ అయిన ప్రతిసారీ నార్తాంప్టన్ ఓటర్లు ఆయన్నే తిరిగి ఎన్నుకున్నారు. చివరకు 1886లో సభలో ప్రవేశం దొరికింది, 1888లో దైవప్రమాణానికి బదులు దేవుడి ప్రస్తావన లేని దృఢవచనం చాలునన్న చట్టం వచ్చింది. 2024లో ప్రధాని అయిన కీర్ స్టార్మర్ ఎంపీగా ఆ పద్ధతినే పాటించారు.

భారత రాజ్యాంగం దైవసాక్షిగానూ, దేవుడి ప్రస్తావన లేకుండానూ ప్రమాణం చేసే రెండు పాఠాలను మొదటినుంచీ పక్కపక్కనే ఉంచింది. పోలండ్‌లో దైవప్రార్థనతో కూడిన ముగింపు వాక్యం ఐచ్ఛికం. శాన్ మారినోలో సువార్తలపై ప్రమాణం చేయాలని ఎంపీలను బలవంతపెట్టడం మతస్వేచ్ఛకు భంగమని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1999లో తీర్పునిచ్చింది. ఐర్లండ్ మాత్రం మినహాయింపుగా మిగిలింది: సర్వశక్తిమంతుడైన దేవుని సమక్షంలో అంటూ మొదలయ్యే వాక్యాన్ని అధ్యక్షుడు చదవాల్సిందే, రాజ్యాంగంలో మరో పాఠం లేదు.

ప్రమాణం రోజునే మతపెద్దలు అలిగితే పాలన మొదలవకముందే గొడవ కాదా?

ముందుగా చెబితే చాలావరకు కాదు. గ్రీస్ రాజ్యాంగం పవిత్ర త్రిత్వం పేరుతో మొదలవుతుంది, ఆర్థడాక్స్ శాఖను దేశంలో ప్రధాన మతంగా గుర్తిస్తుంది. 2015 జనవరిలో సిప్రాస్ మతపరమైన తంతు లేకుండా ప్రమాణం చేసిన తొలి ప్రధాని అయ్యారు. అయితే అదే రోజు ఆర్చిబిషప్ ఇయెరోనిమోస్‌ను కలిసి తన నిర్ణయాన్ని స్వయంగా తెలియజేశారు. సంకీర్ణంలోని భాగస్వామి పార్టీ మంత్రులు మతపెద్దల సమక్షంలోనే ప్రమాణం చేశారు. ఎవరి పద్ధతి వారిది కావడంతో పెద్ద రభస జరగలేదు.

## పదవిలో ఉండగా

నాస్తికుడు అధికారంలోకి వస్తే ప్రార్థనాస్థలాలు మూయిస్తాడన్న భయం ఉత్తదేనా?

ఉత్తది అనడం చరిత్రకు అన్యాయం. మెక్సికోలో అధ్యక్షుడు ప్లుతార్కో ఎలియాస్ కయ్యెస్ 1926లో చర్చి వ్యతిరేక చట్టాలను కఠినంగా అమలు చేయడంతో 1929 దాకా సాగిన కాథలిక్కుల సాయుధ తిరుగుబాటు, క్రిస్తెరో యుద్ధం చెలరేగింది. అల్బేనియాలో ఎన్వర్ హోజా కమ్యూనిస్టు ప్రభుత్వం 1967లో మసీదులనూ చర్చిలనూ మూసివేసి, ఆ తర్వాత రాజ్యాంగంలోనే మతాన్ని తోసిపుచ్చింది. ఇవి గుర్తున్న ఓటరు భయపడితే అతణ్ణి మూఢుడనలేం.

ఈ రెండు చోట్లా అదుపు తప్పింది ఎక్కడో కూడా చూడాలి. అల్బేనియాలో ఎన్నికలు పేరుకే. ప్రభుత్వాన్ని ఆపగల కోర్టు గానీ పత్రిక గానీ లేవు. మెక్సికోలో నాటి పాలకులు విప్లవం నుంచి ఆయుధాలతో వచ్చినవారు. పోటీ ఎన్నికలు, స్వతంత్ర న్యాయస్థానాలు ఉన్న పోలండ్, చిలీ, క్రొయేషియా, గ్రీస్‌లలో నమ్మకం లేని నాయకుల హయాంలో ఏ ప్రార్థనాస్థలమూ ప్రభుత్వ విధానంగా మూతపడలేదు. కాబట్టి అభ్యర్థి నమ్మకంతోపాటు, అతడి పార్టీ మత సంస్థల ఆస్తులు, పాఠశాలల గురించి మేనిఫెస్టోలో ఏం రాసిందో, ఓడితే దిగిపోయే ఏర్పాటు ఎంత గట్టిదో అడగాలి.

మతపెద్దలతో కలిసి పనిచేయడం కుదురుతుందా?

కుదురుతుంది, ఒక్కోసారి భక్తుడైన నాయకుడికన్నా సులువుగా కూడా. వాటికన్‌తో 1993లో కుదిరి ఏళ్ల తరబడి నానిన ఒప్పందానికి 1998లో ఆమోదముద్ర వేసిన పోలండ్ అధ్యక్షుడు క్వాష్నియెవ్‌స్కీయే. ఇజ్రాయెల్ తొలి ప్రధాని కాబోతున్న, మతాచారాలు పాటించని డేవిడ్ బెన్ గురియన్ 1947లో, ఆ దేశం ఏర్పడకముందే, సబ్బాతు సెలవు, ఆహార నియమాలు, వివాహం, విద్య విషయాల్లో సనాతన యూదు పార్టీకి లిఖితపూర్వకంగా హామీలు ఇచ్చారు. ఆ హామీల బరువును ఆ దేశంలోని లౌకికవాదులు ఇప్పటికీ మోస్తున్నారు. నాస్తిక నాయకుడు మతాన్ని అణిచేస్తాడన్న భయం అందరికీ తెలిసిందే. తనను ఎవరూ శంకించకుండా ఉండటానికి మతసంస్థలకు అవసరానికి మించి ఇచ్చేస్తాడన్నది అంతగా చర్చకు రాని రెండో ప్రమాదం.

దేశం కాకపోయినా తమిళనాడు అనుభవం చెప్పుకోదగ్గది. ఐదుసార్లు ముఖ్యమంత్రి అయిన నాస్తికుడు కరుణానిధి హయాంలో వేలాది ఆలయాల పర్యవేక్షణ ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉంది. వంశపారంపర్య అర్చకత్వాన్ని తొలగించే చట్టాన్ని 1970లో ఆయన ప్రభుత్వం తెచ్చినప్పుడు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నమ్మనివాడు గుడి వ్యవహారాల్లో ఎందుకు వేలు పెట్టాలన్న ప్రశ్నకూ, పాలకుడు కాబట్టి పెట్టక తప్పదన్న జవాబుకూ మధ్య తగవు అక్కడ ఎన్నడూ పూర్తిగా తీరలేదు.

నమ్మకం లేని నాయకుడి విధానాలన్నీ ఉదారంగానే ఉంటాయా?

ఉండాలని లేదు. గిలార్డ్ ప్రధానిగా స్వలింగ వివాహాలను వ్యతిరేకించారు, పాఠశాలల్లో మతప్రబోధకుల పథకానికి నిధులు పొడిగించారు. నాయకుడి నమ్మకాన్ని బట్టి విధానాన్ని ఊహించే ఓటరు రెండు వైపులా మోసపోతాడు.

పదవిలో ఉండగానే మరణిస్తే అంత్యక్రియలు ఎలా చేస్తారు?

వింతగా అనిపించినా ఇది తరచుగా వచ్చే ప్రశ్నే. నాయకుడు ముందే రాసిపెట్టినా మాట నెగ్గుతుందన్న హామీ లేదు. తనకు మతపరమైన కర్మకాండ వద్దని, లాంఛనంగానైనా దానికి లోబడటం కపటమవుతుందని జవహర్‌లాల్ నెహ్రూ 1954లో వీలునామాలో రాశారు. 1964లో ఆయన పదవిలో ఉండగానే మరణించినప్పుడు దహనక్రియ హిందూ విధి ప్రకారమే జరిగింది. ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు ఫ్రాన్సువా మిత్తెరాన్ అజ్ఞేయవాది. ఒక ప్రార్థన జరిపితే జరపవచ్చునన్నట్టు ఆయన రాసిపెట్టడంతో 1996లో కుటుంబం జార్నాక్‌లో, ప్రభుత్వం పారిస్‌లోని నోత్రదామ్‌లో ప్రార్థనలు జరిపాయి. కచ్చితంగా వద్దనుకునే నాయకుడు వీలునామాతో ఆగకుండా కుటుంబ సభ్యుల చేతా, అంత్యక్రియలు నిర్వహించే ప్రభుత్వ శాఖ చేతా బతికుండగానే ఒప్పించుకోవడం మేలు. ఆ రోజున నిర్ణయించేది వారే.